పాలకు ఎవరూ నేర్పలేదు

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ కలిపి ఒక్కటే నల్లా ఉండేది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒకే ఆవరణలో రెండు పెంకుటిళ్ళు, సందులోకి ఎవరి గేటు వాళ్ళకు, మధ్యలో నా తల కంటే కాస్త ఎత్తు గోడ. ఆ గోడ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ నల్లా. అటువాళ్ళు అటునుంచి, ఇటువాళ్ళు ఇటునుంచి బిందెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పక్కనే బట్టలుతుక్కునే బండ. తెల్లవారుతుండగా నీళ్ళొచ్చేవి, ఎండ గోడ దిగేలోపు ఆగిపోయేవి.

మొన్న ఫోనులో మీలో చిన్నది నన్నొక మాట అడిగింది. మనుషులు పుట్టుకతోనే మంచివాళ్ళా, లేకపోతే భయం పెట్టి నేర్పితేనే మంచిగా ఉంటారా అని. వాళ్ళ క్లాసులో రెండు జట్లు చేసి వాదించుకోమన్నారట. "అమ్మమ్మా, నువ్వు ఏ జట్టు?" అంది. ఇంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది, ఫోను పెట్టేశారు. పోనీలే, అది ఫోనులో ఒక్క ముక్కలో చెప్పే సంగతి కూడా కాదు. నాకు ఆ విషయం చెప్పింది పుస్తకం కాదు. మా నానమ్మ, పక్కింటి అక్క, పాలకు ఏడ్చిన ఒక పసివాడు. అందుకని తీరిగ్గా కూర్చుని చెబుతున్నాను. మీరు కూడా తీరిగ్గా వినండి.

మా తాతయ్య మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైనవాడు. ఆదివారం ఉదయం చర్చిలో పెద్దల ఆరాధన మొదలయ్యేముందు పిల్లలందరినీ వెనక గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. చాలా మంచి మనిషి, కానీ మనుషుల మీద ఆయనకు పెద్ద ఆశ ఉండేది కాదు. మనిషి లోపల మంచి అనేది దానంతట అది పుట్టదు, ఖాళీ కుండ తనను తాను నింపుకోలేదు, పైనుంచి దేవుడు పొయ్యాల్సిందే అని చెప్పేవాడు. నేను ముందు వరుసలో కూర్చుని తల ఊపేదాన్ని. నాకు ఆ మాట నిజమని నమ్మకంగా ఉండేది. ఎందుకంటే, రోజూ పొద్దున పక్కింటి అక్కను చూస్తూ ఉండేదాన్ని కదా.

పక్కింటివాళ్ళు పాతకాలం నుంచి హైదరాబాదులో ఉన్నవాళ్ళు. వాళ్ళకు అబిడ్స్‌లో గడియారాల దుకాణం ఉండేది. అక్క ఆ ఇంటి కోడలు. అప్పటికే ఆమెకు చంటిపిల్ల ఉంది, పాకడం మొదలుపెట్టిన పిల్ల. ఇంట్లో అత్తగారి మాటే మాట. ఆ పెద్దావిడకు మడి, పూజ, ఎంగిలి, అంటు అన్నీ ఎక్కువ. అందుకని మేము నీళ్ళు పట్టుకుని ఇవతలికి రాగానే అక్క వచ్చి, నల్లా మూతిని చింతపండు పిప్పితో తోమి, చెంబెడు నీళ్ళు పోసి కడిగి, అప్పుడు తన బిందె పెట్టేది. ఒక్క మాట కూడా అనేది కాదు. మా ముఖం చూసేది కూడా కాదు. మేము కిరస్తానం పుచ్చుకున్న కుటుంబం. పుచ్చుకోకముందు మమ్మల్ని ఊళ్ళో ఏ కొసన ఉంచారో కూడా అందరికీ తెలుసు. అందుకని ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

నాకు మాత్రం కడుపు మండేది. ఇదేమిటని ఆమెను ఎందుకు అడగవని ఒకసారి నానమ్మను పట్టుకుని అడిగేశాను.

"అడుగుతే ఏమొస్తది?" అంది నానమ్మ. "మన నల్లా చూడు, రోజు ఎట్ల మెరుస్తదో. మనం తోమే పని లేకుండ ఆమెనే తోముతుంది గద!"

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ చలికాలమే మా తమ్ముడు పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే అమ్మకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరం కాదు. మళ్ళీ దవాఖానలో చేర్చుకున్నారు. పసివాణ్ణి అక్కడ ఉంచవద్దన్నారు, అమ్మ పాలు పట్టవద్దన్నారు. నాన్న వాణ్ణి శాలువలో చుట్టుకుని రిక్షాలో ఇంటికి తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టాడు. నాన్న అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో పనిచేసేవాడు. పొద్దున దవాఖాన, తర్వాత ఆఫీసు, మళ్ళీ దవాఖాన. ఆ రోజుల్లో మా నాన్న గడ్డం గీసుకోగా నేను చూడలేదు.

డబ్బాపాలు తెచ్చారు. వాడు కక్కేశాడు. బర్రెపాలలో నీళ్ళు కలిపి పట్టారు, విరేచనాలు పట్టుకున్నాయి. మేకపాలు ఎవరో చెబితే మల్లేపల్లి దాకా వెళ్ళి తెచ్చారు, అవీ ఇమడలేదు. వాడి ముఖం రోజురోజుకీ ముసలివాడి ముఖంలా అయిపోతూ వచ్చింది. దవాఖానలో నర్సమ్మ నాన్నతో ఉన్నమాట చెప్పింది: తల్లిపాలు కావాలి, ఏ తల్లివైనా సరే, లేకపోతే వీడు దక్కడం కష్టం. తాతయ్య కర్ర పట్టుకుని చర్చివాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాడు. పాలిచ్చే తల్లి ఒక్కామె ఉందని తెలిసింది, కానీ ఆమె పురిటికి మెదక్ వెళ్ళి ఇంకా రాలేదట. తాతయ్య తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు.

పక్కింట్లో పాలిచ్చే తల్లి ఉందని మా అందరికీ తెలుసు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నల్లా కడిగే ఇంటికి వెళ్ళి ఏమని అడుగుతాం?

పైగా ఆ అక్క మాతో అంతకుముందు ఎన్నడూ మాట్లాడనిది, తమ్ముడు ఇంటికి వచ్చినప్పటినుంచి గోడ అవతల నుంచి కేకలు మొదలుపెట్టింది. వాడు ఏడుపు అందుకోవడం ఆలస్యం, అవతల కిటికీ తలుపు దబ్బున పడేది.

"ఓ పెద్దమ్మా! గా పోరన్ని జర ఊకోబెట్టరాదు! గింత సేపు ఏడిపిస్తరా ఎవరన్న? చెవులు పగుల్తున్నయ్ ఈడ!"

తాతయ్యే లేచి పసివాణ్ణి భుజాన వేసుకుని, ఇంటికి అటు చివరన ఉన్న వంటింట్లోకి తీసుకుపోయి తిప్పేవాడు, పక్కింటికి వినబడకుండా. నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, జరుగుతున్న రోజులవి. సాయంత్రమైతే అక్కడి మైకులో పాటలు, తప్పిపోయిన పిల్లల పేర్లు మా ఇంటిదాకా వినబడేవి. ఆ మోతలో తమ్ముడి ఏడుపు కలిసిపోయినందుకు తాతయ్య సంతోషించేవాడు. పాపం, మొహమాటస్తుడు.

"చూసినవా? చంటిపిల్ల తల్లి. ఆమె నోట్లకెల్లి వచ్చే మాటేనా అది? మనిషి గుండె గంతే," అని నానమ్మతో అన్నాడు ఒకసారి.

"ఊఁ," అంది నానమ్మ. ఆ "ఊఁ" ఒప్పుకున్నట్టు లేదు. ఆమె గోడవైపే చూస్తోంది.

తర్వాత ఒక మధ్యాహ్నం తమ్ముడు ఏడవడం మానేశాడు. ఊరుకున్నాడని కాదు. ఏడ్చే ఓపిక అయిపోయింది. నోరు తెరుస్తాడు, శబ్దం రాదు. నానమ్మ చెంచాతో పంచదార నీళ్ళు పెదవులకు తడిపి కూర్చుంది. స్టేషనులో ఇంజను కూత పెట్టి ఆగిపోయింది. అప్పుడు గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. ఈసారి కేకలా లేదు.

"పెద్దమ్మా... పోరడు సప్పుడు చేస్తలేడేంది?"

నాకు ఒళ్ళు మండింది. ఏడిస్తే తిట్టింది, ఇప్పుడు ఏడవకపోతే ఎగతాళి చేస్తోందనుకున్నాను. తాతయ్య కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. నానమ్మ మాత్రం చెంచా కింద పెట్టి నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది.

"పొద్దుగాల నల్లాకాడ ఆమె రవికె చూసినవా?"

నేను చూడలేదు. నేను ఆమె చేతులనే చూస్తాను, చింతపండు పిప్పి పట్టుకున్న చేతులను.

"తడిసి ఉంది. నిన్న గూడ గంతే. పైట గుంజి కప్పుకుంటుంది," అంది నానమ్మ.

మీకు ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. నాకూ అప్పుడు తెలియదు. దూడ పొదుగులో తలపెట్టి కుమ్మితే ఆవు పాలు చేపుతుందని మీరు విని ఉంటారు. పసిపిల్లల తల్లికి దూడ కుమ్మే పని కూడా లేదు. బిడ్డ ఏడుపు చెవిన పడితే చాలు, పాలు వాటంతట అవి దిగుతాయి. అది తన బిడ్డ ఏడుపా, పక్కింటివాళ్ళ బిడ్డ ఏడుపా, ఏ దేవుడికి మొక్కేవాళ్ళ బిడ్డ ఏడుపా అని ఒంటికి తెలియదు. అంటే ఇన్ని రోజులూ మా తమ్ముడు ఇటుపక్క ఏడ్చినప్పుడల్లా అటుపక్క ఆమె రవిక తడిసిపోతోంది. ఆమె ఇల్లేమో కదలవద్దంటోంది. ఒళ్ళేమో లేచి వెళ్ళమంటోంది. ఆ రెంటి మధ్య నలిగి ఆమె కిటికీ తలుపులు విసిరికొడుతోంది. మేము దాన్ని రాతి గుండె అనుకున్నాం.

మర్నాడు నీళ్ళొచ్చే వేళకు నానమ్మ లేచి, తమ్ముణ్ణి పాత చీర మడతల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, నల్లా పక్కన బండ మీద కూర్చుంది. నన్ను బిందె పట్టుకుని నిలబడమంది. మంచు ఇంకా విడవలేదు. తాతయ్య ప్రార్థన పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూసి అదిరిపోయాడు.

"ఏం చేస్తున్నవే? గా సలిల పసిపోరన్ని... లోపలికి తీస్కరా!"

"మీరు ప్రార్థన చేస్కోన్రి. నేను గీడ నా ప్రార్థన చేస్కుంట."

"అడగదలుచుకుంటే ఇంటికి పోయి మర్యాదగ అడుగు. గిట్ల తొవ్వల కూసునుడేంది?"

"అడుగుతే ఆమె నోరు జవాబు చెప్తది. నోటికి అత్త ఉంది, మొగడు ఉన్నడు, నలుగురు ఉన్నరు," అంది నానమ్మ. "నేను నోటిని అడుగుతలేను."

అక్క బిందె చంకన పెట్టుకుని వచ్చింది. మమ్మల్ని చూసి ఆగిపోయింది. నానమ్మ తమ్ముడి ముఖం మీది గుడ్డ ఒక్కటి పక్కకు తీసింది. చల్లగాలి తగిలి వాడు నోరు తెరిచాడు. దాన్ని ఏడుపు అనడానికి కూడా లేదు, పిల్లికూన మూలుగులాంటిది.

"గీడ కూసున్నవేంది పెద్దమ్మా, సలిగాలి పెడుతుంది, లోపలికి తీస్కపో," అంటూనే అక్క రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుంది. బిందె జారి బండ మీద పడి దొర్లింది. "మల్ల మొదలైంది! పాడుగాను, నా ఒళ్ళు నా మాట వినదు," అంది కోపంగా, ఏడుపు గొంతుతో.

"వాని తల్లి దవాఖానల ఉంది బిడ్డా," అంది నానమ్మ. అంతే అంది.

అక్క వెనక్కి తిరిగి వాళ్ళ గుమ్మం చూసింది. లోపల అత్తగారి పూజగంట మోగుతోంది. గంట మోగుతూనే ఉంది. అక్క చటుక్కున బండ మీద, నానమ్మ పక్కనే, భుజానికి భుజం తగిలేటట్టు కూర్చుంది.

"ఇటియ్యి. జల్ది ఇయ్యి."

మొదట వాడికి చేతకాలేదు. అన్నాళ్ళూ చెంచాలకు, గుడ్డ ఒత్తులకు అలవాటుపడి రొమ్ము మరిచిపోయినవాడు. ముక్కు రాసుకున్నాడు, తల తిప్పుకున్నాడు. అక్క వాడి బుగ్గ మీద వేలితో తడుతూ, "తాగరా, ఏం చూస్తవ్, తాగు," అని గదమాయించింది. ఒక్కసారి పట్టు దొరికింది వాడికి.

"వామ్మో! కొరుకుతుండు చూడు పెద్దమ్మా, దొంగమొఖపోడు! పండ్లు లేకపాయె గాని..."

ఆమె నవ్వుతోంది. నవ్వుతుంటేనే కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నానమ్మ తన శాలువ తీసి ఇద్దరి మీదా కప్పింది. నేను బిందె పట్టుకుని అలాగే నిలబడ్డాను. తమ్ముడి గొంతులో గుటక పడిన చప్పుడు నాకు వినిపించింది. అంతకుముందు గానీ తర్వాత గానీ అంత మంచి చప్పుడు నేను వినలేదు.

అప్పుడు జరిగింది చెబితే మీరు నమ్మరు. వాడు కడుపు నిండి నిద్రపోయాక, అక్క వాణ్ణి నానమ్మ ఒళ్ళో పెట్టింది. లేచింది. పైట సర్దుకుంది. కింద పడ్డ బిందె తీసుకుంది. చింతపండు పిప్పి తీసి, నల్లా మూతి తోమి, చెంబెడు నీళ్ళు పోసి కడిగి, బిందె నింపుకుని వెళ్ళిపోయింది!

నేను నోరు తెరుచుకుని చూశాను. ఇప్పుడే కదా మా వాణ్ణి రొమ్ముకు పట్టుకుంది, మళ్ళీ మేము ముట్టిన ఇనుము కడగడమేమిటి? నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, భుజాలు ఎగిరెగిరి పడేలా. నాకు కోపం వచ్చి, ఆమెను తిట్టమన్నాను.

"ఎందుకు తిట్టాలె?" అంది నానమ్మ. "కడుగుడు చెయ్యికి నేర్పిన్రు. ఎన్నటి సందో నేర్పుతున్నరు. చెయ్యి చేస్తది. పాలకు ఎవ్వరు నేర్పలే. గవి ఎవ్వరు చెప్పకుండ్లనే వచ్చినయ్. ఏది ముందటిదో నువ్వే చూస్కో."

కథ అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ మర్నాడు నల్లా దగ్గరికి అక్క రాలేదు. బిందె పట్టుకుని అత్తగారే వచ్చింది. మమ్మల్ని చూడలేదు. నల్లాను తోమిన చోటే మళ్ళీ తోమింది. బిందె నింపుకుని పోయి తలుపు వేసుకుంది. తమ్ముడికి ముందు రోజు పాలతో కాస్త గొంతు వచ్చింది, ఇప్పుడు మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాడు. అవతల కిటికీ మూసే ఉంది. నేను గోడకు చెవి ఆనించి విన్నాను. అత్తగారి గొంతు ఒక్కటే వినబడుతోంది. కులమనీ, పాపమనీ, ఇంటికి అరిష్టమనీ. అక్క మాట ఒక్కటి కూడా లేదు.

తాతయ్య కుర్చీలో వాలాడు. "చూసినవా? ఒక్క పూట జాలి. పొంగింది, సల్లారింది," అన్నాడు. తాను గెలిచినందుకు ఆయనకు సంతోషం లేదు.

నేను నానమ్మ కొంగు లాగాను. వాణ్ణి మళ్ళీ బండ మీదికి తీసుకుపోదాం, గోడ పక్కన గట్టిగా ఏడిపిద్దాం, ఆమెకు పాలొస్తాయి, రాక ఏం చేస్తుంది అన్నాను. నానమ్మ ఒప్పుకోలేదు. వాణ్ణి గుండెకు హత్తుకుని లోపలి గదిలోకి పోయి కూర్చుంది. ఆమెకు భయం లేదనుకోకండి. పంచదార నీళ్ళు వాడి నోట్లో కాక చెంప మీద పోసింది. అయినా వెళ్ళలేదు.

"నిన్న ఎందుకు తీస్కపోయినా? ఆమె ఒంట్ల ఏముందో ఆమెకు తెల్వాలె అని. తెలిసింది," అంది. "ఇంక గుంజొద్దు. అత్త ముంగట గుంజితే పిల్ల నలిగిపోతది. రోజు గుంజుకుంటే అది ఆమె మంచితనం గాదు, మన జబర్దస్తీ. ఇంక ఆమె రావాలె, రాకపోవాలె. అది మన చేతుల లేదు."

నాన్న ఆఫీసుకు సెలవు పెట్టి సికింద్రాబాదులో పాలిచ్చే తల్లి ఎవరో ఉన్నారంటే వెళ్ళాడు. పొద్దెక్కింది. ఏడ్చి ఏడ్చి తమ్ముడు నిద్రపోయాడు. ఆ నిద్ర చూస్తే మాకు భయమేసింది, మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాం. ఎవరూ అన్నాలు తినలేదు.

మధ్యాహ్నం ముందుగేటు గడియ తీసిన చప్పుడైంది. మేము నాన్న అనుకున్నాం. కాదు, అక్క. నల్లా వైపు నుంచి, చాటుమాటుగా కాదు. వాళ్ళ గేటు దాటి, సందులోకి వచ్చి, కూరల బండివాడూ, ఎదురింటివాళ్ళూ అందరూ చూస్తుండగా, మా గేటు తీసుకుని వచ్చింది. చంకలో తన పిల్ల. మా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది. ఆమె ఎన్నడూ తొక్కని గడప. కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది, కొత్తకోడలిలా.

"ఏడుస్తుండా వాడు?"

"లేదు బిడ్డా, పండుకున్నడు," అంది నానమ్మ, లేవబోతూ.

"ఏడుస్తలేడని నాకు ఎర్కే. పొద్దుగాల ఏడ్చిండు, నేను రాలే. చెవులల్ల దూది పెట్టుకున్న పెద్దమ్మా. దూది పెట్టుకుంటే గూడ వినవడ్డది." ఆమె తన పైట చూపించింది. "ఇప్పుడు చూడు, పొడిగనే ఉన్న. వాడు ఏడ్వలే, నాకు పాలు దిగలే. ఊకనే వచ్చిన. మా అత్తకు చెప్పే వచ్చిన."

"ఏం చెప్పినవ్ బిడ్డా?"

"వానికేమన్న అయితే, రేపటి సంది నా పిల్లకు పాలెట్ల ఇయ్యాలె అని అడిగిన. గొంతుల దిగుతయా దానికి?"

"ఏమన్నది?"

"ఏమంటది? మల్ల మొదటికెల్లి పూజ షురూ చేసింది. సాయంత్రం దాకా లేవదు. ఫికర్ చెయ్యకు, పోరన్ని లేపు."

తన పిల్లను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. "జర చూడు అక్కా దీన్ని, మట్టి తింటది," అంది నాతో. నన్ను అక్కా అంది! ఆ పిల్ల బరువుగా, వెచ్చగా, పౌడరు వాసన వేస్తూ నా జడ పట్టుకుని లాగింది. తాతయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన మనవరాలినైన నాకంటే కాస్త పెద్దదైన అక్క ముందు, చర్చిలో వాక్యం చదివేటప్పుడు నిలబడినట్టు నిలబడ్డాడు. తన భుజం మీది తువ్వాలుతో మంచం దులిపి, "కూసో తల్లీ," అని, కర్ర తీసుకుని బయటికి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు, ఎవరూ లోపలికి రాకుండా.

ఆ తర్వాత ఆమె రోజూ వచ్చింది. అమ్మ ఇంటికి వచ్చేదాకా, వచ్చి ఒంట్లో సత్తువ పుంజుకునేదాకా వచ్చింది. తమ్ముడి ముఖంలోని ముసలితనం పోయి పసితనం వచ్చింది. అమ్మ దవాఖాన నుంచి వచ్చిన రోజు ఇద్దరు తల్లులూ ఒకరినొకరు చూసుకుని, పసివాడి గోళ్ళు పెరిగాయనీ, తీయాలనీ మాట్లాడుకున్నారు. అత్తగారు చివరిదాకా నల్లా కడుగుతూనే ఉంది. అక్క ఆ కడగడం ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. ఎవరూ మానమనలేదు, ఎవరూ గమనించలేదు.

ఒకసారి తాతయ్య, నానమ్మ ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. తాతయ్య మెల్లగా అన్నాడు, ఆ పాలు ఆమెలో పెట్టింది దేవుడే కదా, నేను చెప్పిందీ అదే కదా అని. నానమ్మ వెంటనే, "దేవుడే పెట్టిండు. ఔ. మరి యాడ పెట్టిండు? మనిషిల పెట్టిండు గద! ఖాళీ కుండ అంటవేంది మల్ల?" అంది. తాతయ్య నవ్వేశాడు. ఆ తర్వాత ఆదివారాలు కూడా ఆయన పాఠం చెప్పాడు, కానీ ఖాళీ కుండ మాట మళ్ళీ నేను వినలేదు.

ఆ తమ్ముడే మీ చిన్నతాత. మన ఇంటి పెళ్ళిళ్ళలో అందరికంటే ఎక్కువ తిని, అందరికంటే గట్టిగా నవ్వేది ఆయనే. అక్కవాళ్ళు తర్వాత ఖైరతాబాద్ మారిపోయారు. ఆమె ఉన్నన్నాళ్ళు, వినాయకుణ్ణి చూడడానికి వచ్చే జనంలో పడి, చొక్కా నలిగిపోయి, మీ చిన్నతాత ప్రతి ఏడూ ఆమె ఇంటికి వెళ్ళేవాడు. క్రిస్మసుకు ఆమె మా ఇంటికి వచ్చేది. ఆమె పోయినప్పుడు ఆమె కొడుకులతో పాటు ఆయన కూడా పాడె మోశాడు. నువ్వెవరని అక్కడ ఎవరూ అడగలేదు.

ఇక చిన్నదాని ప్రశ్న. నేను ఏ జట్టో చెప్పాలి కదా. మంచి అనేది మనిషిలో ముందే ఉంది తల్లీ. ఎవరూ నేర్పకముందే ఉంది, రవిక తడిసేంత నిజంగా ఉంది. దాన్ని నేను కళ్ళారా చూశాను, ఆ విషయంలో నన్ను ఎవరూ ఓడించలేరు. కానీ ఉన్నంత మాత్రాన అయిపోదు. చెవుల్లో దూది పెట్టుకోవచ్చు, కిటికీ మూసుకోవచ్చు, అలా ఎన్నాళ్ళైనా బతకవచ్చు. మొదటి రోజు ఆమెను బండ మీద కూర్చోబెట్టింది ఆమె ఒళ్ళు. రెండో రోజు, ఏ ఏడుపూ పిలవకుండానే, సందులోంచి నడిచి వచ్చింది మాత్రం ఆమే. మీ రెండు జట్లలో ఎవరైనా ఈ రెండో రోజు గురించి మాట్లాడితే నేను ఆ జట్టు.

నాకిప్పుడు మోకాళ్ళు అంతగా సహకరించవు. అయినా ఎవరైనా బాధపడుతుంటే లేచి వెళ్ళడం నాకు కష్టమనిపించదు, దానికి నన్ను మెచ్చుకోవలసిందీ లేదు. అది మీకూ వస్తుంది. నేను కష్టపడి నేర్చుకున్నది ఆమె మా గడప తొక్కిన ఆ మధ్యాహ్నపు పాఠం. ఏ కేకా వినబడని ఇంటి గురించి కూడా గుర్తుపెట్టుకోవడం, ఎవరూ పిలవకపోయినా చెప్పులు వేసుకుని ఆ ఇంటికి బయలుదేరడం. మా కింది వాటాలోకి ఈ మధ్య ఒక పెద్దాయన ఒంటరిగా దిగాడు. ఎవరితోనూ మాట్లాడడు. అన్నం వండుకుంటున్నాడో లేదో తెలియదు, ఆయన తలుపు వెనక ఏ చప్పుడూ ఉండదు. రోజూ పదకొండు గంటలప్పుడు, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, ఆయన తలుపు తడతాను.